పరదేశపు ఎడారి, పుట్టినింటి కాగితము

కొరియాలో జన్మించి న్యూయార్కులో కళాజీవితము గడపిన లీ జంగ్‌జిన్ ఛాయాచిత్రములను, ఆమెకు ముందును వెంటను నడచిన కొరియా ఛాయాచిత్రకారుల కృషిని గూర్చిన పరిశీలనము

దూరమునుండి చూచువారికి అది సిరాలో ముంచిన కుంచెతో ఒక్క ఊపున వ్రాసిన చిత్రమువలె కనిపించును. నాలుగడుగులు దగ్గరకు పోయినచో, ఆ నల్లని మరక ఎండకు పగిలిన బండ యనియు, దాని చుట్టునున్న బూడిదవన్నె ఇసుక యనియు, ఆ ఇసుక ఎక్కడ ముగిసి ఆకాశ మెక్కడ మొదలగుచున్నదో చెప్పగల గీత మాత్రము చిత్రమున లేదనియు తెలియవచ్చును. మరింత సమీపించినచో, ఆ బండయు ఆ ఇసుకయు నిలిచియున్న తలము నున్నని ఫోటో కాగితము కాదనియు, నారపోగులు పైకి తేలిన చేతికాగిత మనియు, అంచులయందు కుంచె ఆగిన చోటులు ఆగినట్లే మిగిలియున్నవనియు గ్రహింపవచ్చును. ఆ బండ అమెరికా ఎడారిలోనిది. ఆ కాగితము కొరియాలో ఒక చెట్టు బెరడునుండి పుట్టినది. ఆ రెంటిని ఒకచోట కూర్చిన చేయి లీ జంగ్‌జిన్ అను కొరియా స్త్రీది.

కళాకారుడు స్వదేశమును విడిచి పరదేశమున పనిచేయబూనినపుడు, తన దేశమును వెంట గొనిపోవు మార్గములు ఒకటి కాదు. కొందరు తమ దేవాలయమును, తమ పండుగను, తమ పల్లెవీథిని విషయముగా గైకొని, పరదేశీయుల కన్నులకు వాటిని విందు చేయుదురు. కొందరు, పుట్టినచోటి జాడ ఏదియు చిత్రమునందు కనబడకుండ తుడిచివేసి, ఎక్కడివారో తెలియని లోకపౌరులుగా నిలువ యత్నింతురు. లీ జంగ్‌జిన్ ఈ రెండు దారులను విడిచినది. ఆమె చూచిన దృశ్యము పరాయిది. ఆ దృశ్యము చిత్రముగా పరిణమించు విధానము మాత్రము తన నేల నేర్పినది. దేశముద్ర విషయమునందు కాదు, చేతి శ్రమయందును, ఆ శ్రమ కోరు ఓర్పునందును ఉండునని ఆమె చిత్రములు నిరూపించుచున్నవి. గత నాలుగు దశాబ్దములలో కొరియా ఛాయాచిత్రకళ సాధించినదానిలో శ్రేష్ఠమైన భాగ మంతయు ఈ సత్యము చుట్టునే అల్లుకొని పెరిగినదని నా విశ్వాసము.

సాక్ష్యము చెప్పిన తరము

కొరియాలో కెమెరా అడుగిడినది రాజ్యము అస్తమించుచున్న కాలమున. 1880 దశకములో కిమ్ యోంగ్‌వోన్, హ్వాంగ్ చొల్, జీ ఉన్‌యోంగ్ అనువారు రాజధానిలో తొలి ఛాయాచిత్రశాలలను నెలకొల్పిరి. వారిలో జీ ఉన్‌యోంగ్ 1884లో గోజోంగ్ రాజు చిత్రమును తీసెను. 1907లో, చిత్రలేఖనమునందును సుందరలేఖనమునందును ప్రసిద్ధుడైన కిమ్ గ్యూజిన్ ‘చొన్‌యొన్‌దాంగ్’ అను స్టూడియోను తెరచెను. మూడేండ్లకే దేశము జపాను పాలనలోనికి పోయెను. ఆ పాలనాకాలముననే, టోక్యోలో చదివివచ్చిన జంగ్ హేచాంగ్ 1929లో సియోల్ నగరమున తన చిత్రములను తానొక్కడే ప్రదర్శించెను. ఒక కొరియా దేశీయుడు ఛాయాచిత్రమును కళగా నెంచి ఏకవ్యక్తి ప్రదర్శనము జరుపుట అదియే ప్రథమము. అనగా పరదేశమున నేర్చి స్వదేశమున నిలుచుట అను కథ కొరియా ఛాయాచిత్రకళలో క్రొత్తది కాదు, ఆ కళయంత పాతది.

1950 నుండి 1953 వరకు సాగిన యుద్ధము, అప్పటికే రెండుగా చీలిన దేశమున నగరములను బూడిద చేసి, ఛాయాచిత్రకారుల చేతికి తప్పించుకొనరాని కర్తవ్యము నొకదానిని అప్పగించెను. ఆ కర్తవ్యము పేరు సాక్ష్యము. లిమ్ ఉంగ్‌సిక్ 1953లో సియోల్ లోని మ్యోంగ్‌డోంగ్ వీథిలో తీసిన చిత్రమొకటి ఆ తరమునకంతకు ప్రతినిధిగా నిలిచినది. ఒక యువకుడు గోడకు చేరగిలబడి, టోపీ కన్నులమీదికి దించుకొని, పని కావలెనను అర్థమిచ్చు అక్షరములు వ్రాసిన ఫలకమును దేహమునకు కట్టుకొని నిలిచియుండగా, అతని వెనుక మంచి దుస్తులు ధరించిన పెద్దమనుషులు చేతులు కలుపుకొనుచుందురు. ముందున్నవాని నిరాశయు వెనుకనున్నవారి నిశ్చింతయు ఒకే చట్రములో ఇమిడిన ఆ చిత్రమును చూచిన పిదప, యుద్ధానంతర కొరియా ఎట్లుండెనో చెప్పుటకు వేరు వ్యాఖ్య అక్కరలేదు. అందమైన కొండలను, పొగమంచును తీయు పాత అలవాటును విడిచి, బ్రతుకును ఉన్నదున్నట్లు చూపవలెనని లిమ్ ఉంగ్‌సిక్ ప్రబోధించెను. 1957లో, న్యూయార్కు ఆధునికకళా ప్రదర్శనశాల పక్షమున ఎడ్వర్డ్ స్టైకెన్ కూర్చిన ‘మానవ కుటుంబము’ అను సుప్రసిద్ధ ప్రదర్శనము సియోల్ లోని గ్యోంగ్‌బొక్ రాజప్రాసాదమునకు వచ్చినపుడు, ఆ ప్రబోధమునకు మరింత బలము చేకూరెను.

ఆ తరువాతివారు ఈ మార్గమునే విశాలము చేసిరి. జూ మ్యోంగ్‌డక్ 1966లో, యుద్ధకాలమున విదేశసైనికులకు కొరియా స్త్రీలకు పుట్టి అనాథాశ్రమమున చేరిన పిల్లల చిత్రములను ప్రదర్శించి, సంఘము చూడనొల్లని ముఖములను సంఘమునకే చూపెను. బూసాన్ నగరమున చ్వే మిన్‌సిక్ జీవితకాలమంతయు రేవులలోను సంతలలోను పేదల ముఖములనే తీసెను. 1975లో పత్రికాస్వాతంత్ర్యమునకై పోరాడి దినపత్రికలో ఉద్యోగము పోగొట్టుకొనిన కాంగ్ ఉన్‌గూ, వేగముగా మారిపోవుచున్న పల్లెలను, కప్పులు మారిన ఇండ్లను ఓపికతో నమోదు చేసెను. కిమ్ కీచాన్ 1960 దశకపు చివరనుండి దశాబ్దములతరబడి సియోల్ రైల్వేస్టేషను దాపునగల పేదవాడల ఇరుకుసందులలో తిరిగి, ఆ సందులు అపార్టుమెంటుల క్రింద అదృశ్యమగువరకు అక్కడి తల్లులను, పిల్లలను, వృద్ధులను చిత్రించుచునే యుండెను. వీరి ఋణము కొరియా ఎన్నటికిని తీర్చుకొనలేదు. ఐనను, సాక్ష్యము చెప్పుటయే కెమెరాకు గల ఏకైక ధర్మమని స్థిరపడినచోట, సాక్ష్యమున కందని అనుభవములకు తావు సన్నగిలును. ఆ తావును వెదకికొనుచు కొందరు యువకులు దేశము వెలుపలికి నడచిరి.

కుమ్మరిపనినుండి కెమెరాకు

లీ జంగ్‌జిన్ 1961లో దక్షిణకొరియాలోని డేగూ నగరమున జన్మించినది. సియోల్ లోని హోంగిక్ విశ్వవిద్యాలయమున ఆమె అభ్యసించినది మృత్పాత్రకళ. ఛాయాచిత్రకళను తనంతట తానే నేర్చుకొన్నది. ఈ విషయము చిన్నది కాదు. మట్టిని పిసికి, చక్రముమీద లేపి, ఆవములో కాల్చి, కాలినపిమ్మట ఏమి బయటపడునో ముందుగా నిశ్చయింపజాలక ఎదురుచూచుటకు అలవడిన చేతులు, తరువాతి కాలమున కాగితముపై రసాయనమును పూసి, దానియందు బింబ మెట్లు తేలునో వేచిచూచుటకు సిద్ధముగానే యుండెను. 1984లో పట్టభద్రురాలైనపిమ్మట ఆమె, కొరియా జానపదసంస్కృతిని ఆదరముతో వెలికితీసి ముద్రించుటలో పేరెన్నికగన్న ‘వేళ్లు లోతైన చెట్టు’ అను ప్రచురణసంస్థలో ఛాయాచిత్రకారిణిగా చేరినది.

ఆ కాలముననే ఆమె, కొరియాకు తూర్పున సముద్రమధ్యమునగల ఉల్లుంగ్ ద్వీపమునకు పోయి, కొండలలో అడవి జిన్సెంగు దుంపలను వెదకి జీవించు ఒక వృద్ధుని బ్రతుకును చిత్రించినది. అది సాక్ష్యతరము వేసిన బాటలోని పని. ఆ బాటలో ఆమె ఇంకను చాలదూరము నడువగలిగియుండునని ఆ చిత్రములే చెప్పుచున్నవి. కాని 1988లో ఆమె న్యూయార్కునకు పయనమైనది. అది సియోల్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగిన సంవత్సరము. సామాన్యప్రజలు విదేశములకు పోవుటపై ప్రభుత్వము విధించిన ఆంక్షలు 1989 జనవరి 1వ తేదీనుండి పూర్తిగా తొలగుటకు ముందు సంవత్సరము. అంతవరకు విదేశయానము విద్యార్థులకు, అధికారులకు, వర్తకులకు, కూలికై పోవువారికి ముఖ్యముగ అందిన అవకాశము. లోకము కొరియా తలుపు తట్టుచుండగా, కొరియా యువతరము లోకపు తలుపు తట్టిన ఆ సంధికాలమున ఆమె బయలుదేరినది.

న్యూయార్కు విశ్వవిద్యాలయమున పైచదువు సాగించుచు ఆమె రాబర్ట్ ఫ్రాంక్ వద్ద సహాయకురాలుగా పనిచేసినది. ఫ్రాంక్ సైతము పరదేశియే; స్విట్జర్లాండులో పుట్టి 1947లో అమెరికాకు వలసవచ్చి, ఆ విశాలదేశమును కారులో చుట్టివచ్చి, 1958లో తొలుత పారిస్ నగరమున వెలువడిన ‘అమెరికనులు’ అను గ్రంథముతో ఛాయాచిత్రకళ నడకనే మార్చినవాడు. ఆ దేశమునకు చెందనివాడగుటవలననే ఆ దేశస్థులు చూడలేని ఏకాంతమును, వర్ణద్వేషమును, డాంబికమును ఆయన చూడగలిగెను. లీ జంగ్‌జిన్ ఆయన చిత్రములను అనుకరింపలేదు. ఆయన మనుష్యులను చూచినచోట ఆమె మనుష్యులు లేని నేలను చూచినది. కాని చూచువాని అంతరంగమే చిత్రమునకు ప్రమాణమని, లోకముయొక్క వార్త అందుకు లోబడియుండవలెనని ఆయన జీవితము చెప్పిన పాఠము ఆమె మార్గమునందును వెలుగుచున్నది.

కుంచెతో పూసిన వెలుగు

1990 దశకపు ఆరంభమున ఆమె అమెరికా నైరృతిదిశలోని ఎడారులకు పోయినది. అమెరికా దృశ్యచిత్రకారులకు ఆ ఎడారి చిరపరిచితము. ఏన్సెల్ ఆడమ్స్ మొదలగు మహాకళాకారులు దానిని నిర్మలముగా, స్ఫుటముగా, రాతిపైనున్న ప్రతి చారయు లెక్కింప వీలగునట్లుగా చిత్రించి, నలుపుతెలుపుల శ్రేణికి ఒక శాస్త్రమునే ఏర్పరచియుండిరి. ఆ శాస్త్రము రాజ్యమేలుచున్న చోటనే లీ జంగ్‌జిన్ స్ఫుటత్వమును విడనాడినది. ఆమె ఎడారిలో దూరమెంతయో తెలియదు, ఋతువేదియో తెలియదు, సూర్యుడెక్కడనున్నాడో తెలియదు. ఒక పొద, ఒక బండ, విడువబడిన ఒక కట్టడము, ఒక మేఘపు నీడ మాత్రము నిలుచును. తక్కినదంతయు కాగితపు నిశ్శబ్దము.

ఈ నిశ్శబ్దము ఎట్లు సిద్ధించినదో తెలిసికొనవలెనన్న డార్క్‌రూములోని ఆమె పనిని తెలిసికొనవలెను. సాధారణముగా ఛాయాచిత్రపు కాగితముమీద వెలుతురును గ్రహించు వెండి లవణముల పూత కర్మాగారముననే పూయబడి వచ్చును. ఛాయాచిత్రకారుడు దానిపై నెగటివును ముద్రించిన చాలును. లీ జంగ్‌జిన్ ఆ సిద్ధమైన కాగితమును త్యజించి, ద్రవరూపమున లభించు ఎమల్షనును తెచ్చుకొని, ఎఱ్ఱదీపపు మసకవెలుగులో వెడల్పైన కుంచెతో తానే కొరియా కాగితముపై పూసినది. పూత ఆరినపిమ్మట ఎన్‌లార్జరు క్రింద దానినుంచి, నెగటివుగుండ వెలుతురు ప్రసరింపజేసి, డెవలపరులో ముంచగా, కుంచె తాకినచోట బింబము పుట్టును, కుంచె తాకనిచోట కాగితము కాగితముగనే యుండిపోవును. పూత ఒకచోట చిక్కగను, ఒకచోట పలుచగను పడుటవలన, ఒకే నెగటివునుండి రెండు పర్యాయములు ముద్రించినను రెండు చిత్రములు ఒకటిగా నుండవు. ఎన్ని ప్రతులనైనను తీయగలుగుటయే ఛాయాచిత్రముయొక్క స్వభావమని లోకము నమ్మియుండగా, ప్రతి ముద్రణమును ఏకైకవస్తువుగా మలచిన ఈ విధానము, కుమ్మరి చేతిలో ప్రతి కుండయు వేరుగా పుట్టుటను స్మరింపజేయును.

ఆ కాగితమునకు హాంజి యని పేరు. చలికాలమున మల్బరీజాతికి చెందిన ‘డక్’ చెట్టు కొమ్మలను నరికి, ఆవిరిలో ఉడికించి, బెరడు ఒలిచి, పై నల్లని పొరను గీకివేసి, లోపలి తెల్లని నారను బూడిదనీటిలో కాచి, పారునీటిలో కడిగి, మెత్తగ దంచి, బెండజాతి మొక్క వేరునుండి తీసిన జిగురుతో కలిపి తొట్టెలో నింపుదురు. పిదప వెదురుతెరను ఆ తొట్టెలో ముంచి, ముందువెనుకలకును ప్రక్కలకును ఊపుదురు; అందువలన నారపోగులు నలుదిక్కుల పెనవేసికొని, తడిసినను చినుగని దార్ఢ్యమును పొందును. డార్క్‌రూములో నీళ్లలోను రసాయనములలోను పలుమారులు నానవలసిన చిత్రమునకు ఈ దార్ఢ్యము ఎంత యవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. హాంజి ఆయుర్దాయమునకు చరిత్రమే సాక్షి: గ్యోంగ్‌జూ నగరమునగల బుల్గుక్సా ఆలయపు రాతిస్తూపమునుండి 1966లో బయటపడిన డక్‌నార కాగితముపైనున్న బౌద్ధ ధారణీసూత్రపు చుట్ట, క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దమున అచ్చుదిమ్మలతో ముద్రింపబడినదని పండితులు నిర్ణయించిరి. కొరియా ఇండ్ల తలుపులకు, కిటికీలకు ఈ కాగితమునే అంటింతురు. అది ఎండను ఆపదు, మెత్తపరచి లోనికి పంపును. లీ జంగ్‌జిన్ ఎడారిలోని ఎండయు అట్టి కాగితముగుండ వడిసిన ఎండవలెనే యున్నది. అమెరికా సూర్యుడు ఆమె చిత్రమున కొరియా గదిలోని పగటివెలుతురుగా మారినాడు.

పేరులేని దారి

ఎడారిచిత్రముల తరువాత ఆమె సముద్రమును, దారులను, కొరియా దేశపు రాతిస్తూపములను చిత్రించినది. ‘వస్తువు’ అను మాలికలో వాడి పాతబడిన సామాన్యవస్తువులను పరిసరములనుండి వేరుచేసి, తెల్లని కాగితపు మధ్యమున ఒంటరిగ నిలిపినది. ‘గాలి’ అను మాలికలో విశాలమైన అడ్డుచట్రములందు చెట్లను, మేఘములను, పాడుబడిన బస్సును, రెపరెపలాడు గుడ్డలను బంధించినది. కంటికి కనబడని గాలిని, అది కదల్చిన వస్తువులచేత మాత్రమే చూపినది. ఈ మాలిక 2009లో న్యూయార్కు నగరపు ఎపర్చర్ సంస్థచే గ్రంథరూపమున వెలువడినది.

ఆమె ధైర్యమునకు అసలైన పరీక్ష పిదప వచ్చినది. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఫ్రెడెరిక్ బ్రెన్నర్ ఇజ్రాయెలును, వెస్ట్ బ్యాంకు ప్రాంతమును పండ్రెండుగురు ఛాయాచిత్రకారుల కన్నులతో చూపించు సంకల్పము నొకదానిని చేపట్టి, యోసెఫ్ కూడెల్కా, స్టీఫెన్ షోర్, జెఫ్ వాల్, థామస్ స్ట్రూత్ వంటి ప్రముఖుల సరసన లీ జంగ్‌జిన్‌ను ఆహ్వానించెను. లోకమున అంతకంటె అధికముగ ఫోటోలు తీయబడిన నేల మరియొకటి యుండుట అరుదు; గోడ, తుపాకి, రాయి, కన్నీరు, ప్రార్థన అను అయిదారు బింబములలోనే ఆ భూమి యావత్తు పత్రికాలోకమునకు పరిచితమై యున్నది. ఎడారిలోని ఏకాంతమునకు అలవడిన కళాకారిణి, ఆ పగలకు వగలకు నడుమ నిలువబడి ఏమి చేయగలదు?

ఆమె ఏ పక్షమువారి వాదమును వినిపింపలేదు; ఐనను ఆ నేల బాధను దాచలేదు. బోడి కొండల నడుమ సాగు దారులు, మోడువారిన చెట్లు, కూలిన ఇండ్ల మొండిగోడలు, పక్షులు ఎగిరిన ఆకాశము: వీటినే చిత్రించి, ఆ మాలికకు ‘పేరులేని దారి’ అని నామకరణము చేసినది. ప్రతి గుట్టకును, ప్రతి బావికిని రెండు మూడు జాతులు తమ తమ పేరులుంచి పోరాడుచున్న దేశమున, పేరు లేకుండ ఒక దారిని చూపుట తప్పించుకొనుట యని కొందరు భావింపవచ్చును. నాకు మాత్రము అది అత్యంత సాహసముగ తోచుచున్నది. పేరు తీసివేయగానే ఆ నేల, దానిపై నడచిన ప్రతివారి అలసటను మోయుచున్న నేలగా, మనకు మొదటిసారి కనిపించును. తన దేశమును కూడ ఒక గీత రెండుగా చీల్చియుండగా పెరిగిన స్త్రీ తీసిన చిత్రములివి యను సంగతి మనస్సున మెదలినపుడు వాటి బరువు ఇనుమడించును. ఆ సామూహిక ప్రదర్శనము 2014లో ప్రాగ్ నగరమున మొదలై, టెల్ అవీవ్ మీదుగ అమెరికాకు పోయి, 2016లో న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రదర్శనశాలకు చేరినది.

అదే సంవత్సరము స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ నగరమున, ఐరోపాలోని ప్రముఖ ఛాయాచిత్ర ప్రదర్శనశాలలలో నొకటైన ఫోటోమ్యూజియము, ‘ప్రతిధ్వని’ అను పేర ఆమె కళాజీవితమునంతయు సమీక్షించు ప్రదర్శనమును ఏర్పరచినది. గురుతుల్యుడైన ఫ్రాంక్ జన్మించిన దేశముననే ఆమెకీ గౌరవము దక్కుట ఉచితముగ నున్నది. 2018లో ఆ ప్రదర్శనము కొరియా జాతీయ ఆధునిక సమకాలికకళా ప్రదర్శనశాలయొక్క గ్వాచొన్ శాఖకు వచ్చినది. న్యూయార్కునకు పయనమైన ముప్పది సంవత్సరములకు, పరదేశములలో తీసిన చిత్రములతో, స్వదేశపు కాగితముమీదనే, ఆమె కొరియా ప్రజల యెదుట నిలిచినది.

వెళ్లినవారు, తిరిగివచ్చినవారు

లీ జంగ్‌జిన్ ఏకాకి కాదు. ఆమెకంటె ముందు, 1953లో సియోల్‌లో పుట్టిన కూ బోన్‌చాంగ్ వాణిజ్యశాస్త్రము చదివి, కొలదికాలము ఒక పెద్దసంస్థలో ఉద్యోగము చేసి, 1979లో అన్నిటిని విడిచి జర్మనీకి పోయి, హాంబుర్గు నగరమున ఛాయాచిత్రకళ నభ్యసించి, 1985లో తిరిగివచ్చెను. 1988లో ఆయనయు, విదేశములలో చదివివచ్చిన ఆయన మిత్రులును కలిసి సియోల్ లోని వాకర్‌హిల్ కళాప్రదర్శనశాలలో జరిపిన ప్రదర్శనము, కొరియాలో ఛాయాచిత్రము సాక్ష్యముగ మాత్రమే గాక సృష్టిగ కూడ నుండవచ్చునని ప్రకటించినది. ఆయన చిన్నచిన్న ఫోటో కాగితములను దారముతో కుట్టి, ఆ అతుకుల దుప్పటిపై మానవదేహమును ముద్రించెను. మరణశయ్యపైనున్న తండ్రిని చూచిన అనుభవమునుండి ‘శ్వాస’ అను మాలికను రచించెను.

2004నుండి కూ బోన్‌చాంగ్ చేపట్టిన పని మరింత మనోహరమైనది. జోసొన్ రాజవంశపు తెల్లని పింగాణీపాత్రలు అనేకము దేశమునుండి తరలిపోయి, ఒసాకా, టోక్యో, పారిస్, లండన్ నగరముల ప్రదర్శనశాలలలో నిలిచియున్నవి. వాటిలో, రెండు అర్ధగోళములను వేరువేరుగ తిరిగించి నడుమ అతికినందున కొంచెము వంకరగ, నిండుగ కనిపించు ‘చంద్రభాండము’ ప్రసిద్ధమైనది. బ్రిటిషు మ్యూజియములోని చంద్రభాండమును, 1935లో సియోల్‌లో ఆంగ్ల కుమ్మరి బెర్నార్డ్ లీచ్ కొనెను. అది పిదప ఆయన మిత్రురాలు లూసీ రీ యింట చిరకాలముండెను. ఆ భాండము ప్రక్కన కూర్చున్న లూసీ రీ ఫోటోను చూచినప్పుడు, పరదేశమున చిక్కుకొనిన కొరియా పాత్ర తన్ను పిలుచుచున్నట్లు కూ బోన్‌చాంగ్‌నకు తోచెను. ఆయన ఆ నగరములన్నియు తిరిగి, ప్రదర్శనశాలల అనుమతి పొంది, ఆ పాత్రలను నీడలేని మెత్తని వెలుతురులో, మనుష్యుల ముఖములను తీసినంత గౌరవముతో తీసెను. పాత్రలు స్వదేశమునకు రాలేదు. వాటి రూపము లన్నియు ఒక కొరియా చేతిగుండ ఒకచోట చేరినవి.

1956లో గోజే ద్వీపమున పుట్టి, ఇంజనీరింగు చదివిన కిమ్ ఆటా మార్గము వేరు. ఆయన కెమెరా కన్నును ఎనిమిది గంటలపాటు తెరచియుంచి న్యూయార్కు వీథులను చిత్రించెను. అంతసేపు వెలుతురు గ్రహించిన ఫిల్మున కట్టడములు నిలిచినవి, నడచిన మనుష్యులును వాహనములును పొగవలె కరగినవి. కదలునది నశించును, వేగముగ కదలునది త్వరగ నశించును అను బౌద్ధభావన ప్రపంచములోకెల్ల వేగవంతమైన నగరమున రూపుదాల్చినది. 2006లో న్యూయార్కులోని అంతర్జాతీయ ఛాయాచిత్రకేంద్రము ఆయన ఏకవ్యక్తి ప్రదర్శనమును జరిపినది. అదే నగరమున, 1994లో అక్కడకు చేరిన నిక్కీ లీ తానే తన చిత్రములకు విషయమైనది. వృద్ధుల నడుమను, హిప్‌హాప్ యువకుల నడుమను, ఉన్నతోద్యోగుల నడుమను కొంతకాలము వారివలె వేషభాషలు మార్చుకొని మెలగి, ఏ మిత్రుని చేతనో బాటసారి చేతనో సామాన్యమైన ఆటోమేటిక్ కెమెరాతో ఫోటో తీయించుకొన్నది. వలసవచ్చిన మనిషి ఎవరిగా మారగలడు, ఎంతవరకు మారగలడు అను ప్రశ్నను ఇంతకంటె సూటిగ అడిగిన చిత్రములు తక్కువ.

దేశమునందే యుండి పరదేశములను ఆకర్షించినవాడు బే బ్యోంగ్‌ఊ. సముద్రతీరపు యోసు పట్టణమున 1950లో పుట్టిన ఈయన, గ్యోంగ్‌జూ నగరమున ప్రాచీన సిల్లా రాజుల సమాధుల చుట్టు పెరిగిన వంకరటింకర పైన్ చెట్లను తెల్లవారుజామున పొగమంచులో దశాబ్దములతరబడి చిత్రించెను. 2005లో ఆంగ్ల గాయకుడు ఎల్టన్ జాన్ వాటిలో నొకదానిని కొనుటతో పత్రికలు ఆ ఛాయాచిత్రకారుని పేరును మారుమ్రోగించినవి. పిదప స్పెయిన్ దేశపు అల్హంబ్రా తోటలను చిత్రింప ఆయనకు పిలుపు వచ్చినది. మూరు రాజుల తోటలోని చెట్లను సైతము ఆయన గ్యోంగ్‌జూ పైన్ చెట్లను చూచిన కంటితోనే చూచెను.

నేటి కొరియా చూపు

ఇట్లు వెళ్లినవారును వచ్చినవారును తెచ్చిన స్వేచ్ఛ, సాక్ష్యధర్మమును చంపినదా? చంపలేదు, దానికి క్రొత్త భాషను నేర్పినది. నో సున్‌టాగ్ కొరియా విభజనను సరిహద్దు ముళ్లకంచెయొద్ద గాక, దైనందినజీవితమునందు వెదకెను. అమెరికా సైనికస్థావరము విస్తరించుటవలన కనుమరుగైన డేచూరి గ్రామమున, పొలముల వెనుక పెద్ద బంతివలె నిలిచిన రాడారు గోళమును అనేక కోణములనుండి తీసి, ఒకప్పుడు చంద్రునివలెను, ఒకప్పుడు ఆటవస్తువువలెను కనబడు ఆ తెల్లని గుండ్రము వెనుకనున్న అధికారమును బట్టబయలు చేసెను. 2014లో జాతీయ ప్రదర్శనశాలయొక్క ‘కొరియా కళాకార పురస్కారము’ ఛాయాచిత్రకారులలో తొలిసారిగ ఆయనకే లభించినది. ఓ హైన్‌గున్ 1999లో నడివయసు గృహిణుల ముఖములను, వారి ముత్యాల హారములను, బిగించిన పెదవులను దాపరికము లేని వెలుతురులో నిలిపి, సంఘము పరిహసించు ఒక వర్గముయొక్క గాంభీర్యమును చూపెను. యూన్ జంగ్‌మీ 2005నుండి, గులాబిరంగును మాత్రమే కోరిన తన చిన్న కుమార్తెను చూచి మొదలుపెట్టిన మాలికలో, ఆడపిల్లలను గులాబిరంగు వస్తువుల నడుమను, మగపిల్లలను నీలిరంగు వస్తువుల నడుమను కూర్చుండబెట్టి, వర్తకలోకము పసిమనస్సులకు వేయు రంగులను బయటపెట్టినది. లీ మ్యోంగ్‌హో పొలములో నిలిచిన ఒంటరిచెట్టు వెనుక విశాలమైన తెల్లని గుడ్డను కట్టించి, నిత్యము చూచి చూడక పోవు చెట్టును చిత్రపటములో కూర్చుండబెట్టెను.

2009లో అమెరికాలోని హూస్టన్ లలితకళా ప్రదర్శనశాల నలువదిమంది కొరియా ఛాయాచిత్రకారుల కృతులను ఒకచోట చేర్చి చూపినపుడు, పాశ్చాత్యప్రేక్షకులు ఈ వైవిధ్యమును సమగ్రముగ దర్శించిరి. దేశములోపలను సంస్థలు పెరిగినవి: సియోల్‌లో 2003లో హాన్మి ఛాయాచిత్ర ప్రదర్శనశాల, యోంగ్‌వోల్‌లో డోంగ్‌గాంగ్ ఉత్సవము, 2006నుండి డేగూలో రెండేండ్లకొకమారు జరుగు అంతర్జాతీయ ప్రదర్శనము, 2025లో సియోల్ లోని చాంగ్‌డోంగ్ ప్రాంతమున నగరపాలకసంస్థ నెలకొల్పిన, కేవలము ఛాయాచిత్రములకై ఉద్దేశింపబడిన ప్రభుత్వ ప్రదర్శనశాల. లీ జంగ్‌జిన్ పుట్టిన ఊరే నేడు లోకపు ఛాయాచిత్రకారులను తన ఇంటికి పిలుచుచున్నది. 1988లో యువతీయువకులు నేర్చుటకు విమానమెక్కవలసివచ్చెను. నేడు వారు వెళ్లినను వెళ్లకున్నను, అది అవసరముచేత గాక ఇష్టముచేత.

కాని ఈ సౌకర్యముతో ఒక ప్రమాదము కూడ పొంచియున్నది. కొరియా సంగీతము, చలనచిత్రములు, సౌందర్యసాధనములు లోకమంతట అమ్ముడుపోవుచున్న ఈ కాలమున, కొరియా అను పేరే ఒక సరకు అయినది. ఆ సరకునకు తగిన బొమ్మలు తీసి యిచ్చు ప్రలోభము యువఛాయాచిత్రకారులకు తప్పదు. రాజప్రాసాదములు, పట్టువస్త్రములు, నియాన్ దీపముల సందులు: వీటిని తీసిన చాలును, కొరియాను చూపినట్లే యని సంత ఒప్పించును. ఆ సంతకు లీ జంగ్‌జిన్ కృషియే తగిన సమాధానము. ఆమె అత్యుత్తమ చిత్రములలో పెక్కింటియందు కొరియా దృశ్యమే లేదు. అట్లయినను వాటిని కొరియా చిత్రములు కావనుట కెవరికిని సాధ్యము కాదు. కాగితపు నార పట్టి యుంచిన ఓర్పు, కుంచె విడిచిన ఖాళీ, పూర్తిగ చెప్పక మిగిల్చిన మాట, ఇవి ఆ దేశము శతాబ్దములుగ సాధనచేసిన గుణములు. ఆ గుణములు గల చేయి ఎడారిని తాకినను, పాలస్తీనా కొండను తాకినను, పిదప ఆమె చిత్రించిన ఫ్లోరిడా బురదనేలలను తాకినను తన స్వభావమును కోల్పోదు.

చేతివిద్యలు గల ప్రతి జాతికిని ఇందు గ్రహింపవలసిన నీతి కలదు. తన కళ లోకమున నిలువవలెనని కోరు జాతి, తన దేవళముల చిత్రములను ఎగుమతి చేయుటకు ముందు, తన చేతిపనులను సజీవముగ నిలుపుకొనవలెను. హాంజి తొట్టెయొద్ద వెదురుతెరను ఊపు పనివాడు లేకున్నచో లీ జంగ్‌జిన్ ఎడారి లేదు. చంద్రభాండమును తిరిగించిన అజ్ఞాత కుమ్మరి లేకున్నచో కూ బోన్‌చాంగ్ యాత్రయు లేదు. పరదేశమున కీర్తిగొన్న ప్రతి కళాకారుని వెనుక, పేరు తెలియని పనివారి పరంపర యొకటి నిలిచియుండును. ఆ పరంపరకు అన్నము పెట్టి, గౌరవమిచ్చి, యువతరమునకు అందించు దేశము తన పిల్లలను ఎంత దూరమునకైనను నిర్భయముగ పంపవచ్చును. వారు ఎక్కడ నిలిచి ఏమి చూచినను, ఆ చూపునకు వేళ్లు స్వదేశమునందే యుండును.